బాతుల గడ

కౌలూన్,
హాంకాంగ్, 1984 ఏప్రిల్ 18

చెల్లీ సౌ-హింగ్,

పని పడితే గానీ అన్నకి నేను గుర్తు రానని నువ్వు అనకముందే నేనే అనేస్తున్నాను. పని పడింది. ముందు బావ మోకాలు ఎలా ఉందో రాయి. ఈసారి పంపే తైలం పొద్దున్నే, స్నానానికి ముందు రాయమను. పోయినసారి పంపింది మీ ఇంట్లో దోమకాట్లకు వాడేశారని విన్నాను.

ఇక సంగతి. మన తాలింఖానాకి పెద్ద చోటు దొరికింది. ఎండుచేపల దుకాణం మీద రెండో అంతస్తు. మెట్ల మీద కాస్త వాసన వస్తుంది, పైకి వెళ్తే రాదు. మన చాంద్రమానం తొమ్మిదో నెల పండుగ రోజున, పెద్దల సమాధులు చూసుకునే రోజే, ప్రారంభం. గోడకి కర్పూరం చెక్కతో గురుపరంపర పలక చేయిస్తున్నాను. అన్నిటికన్నా పైన మూలపురుషుడు పూన్ లుక్, కింద ముత్తాత, తాత, నాన్న, చివర నేను. అన్నీ బంగారు అక్షరాలే.

అచ్చు వేయించిన చిన్న పుస్తకం పంపుతున్నాను, చదువు. గుడి తగలబడితే పారిపోయి వచ్చిన సన్యాసి పూన్ లుక్ ఈ విద్యని ఎలా కాపాడాడో అందులో ఉంది. నాన్న తలుపు మూసిన సంగతీ ఉంది. శిష్యుడు మోకరించి టీ ఇస్తాడు, గురువు తాగితే శిష్యుడైనట్టు. ఆఖరి శిష్యుడి టీ తాగి కప్పు పగలగొడితే ఇక ఆ గురువు తలుపు మూసినట్టు. ఆ ఆఖరి టీ నాది. ఇక్కడ అందరికీ తెలిసినదే.

నీ దగ్గర పూన్ లుక్ పాత పేరుపలక ఉంది కదా, పూజలో పెట్టేది. అది నాకు కావాలి. మే నెలాఖరులో నా శిష్యుడు ఫాన్ అక్కడికి వస్తాడు. బట్టలు కుట్టే మనిషి, జాగ్రత్తపరుడు. పాత దుప్పటిలో చుట్టి అతని చేతికివ్వు.

నీ అన్న,
చాక్-మన్



ఫోషాన్,
మే 2

అన్నయ్యా,

పోయిన నెల మొదట్లో అమ్మానాన్నల సమాధుల మీద గడ్డి పీకాను. నీ పేరు చెప్పి కూడా అగరొత్తులు వెలిగించాను. గ్వాంగ్‌జౌ దాకా రైలుంది, అక్కడి నుంచి బస్సుంది, వచ్చే మనిషే లేడు.

నీ పుస్తకం మా ఆయనకి చదివి వినిపించాను. మోకాలి నొప్పి మరిచిపోయి నవ్వాడు, కాబట్టి తైలం అక్కర్లేదు. ఏ సన్యాసి అన్నయ్యా? ఏ గుడి? పూన్ లుక్ చెరువుల వెంట బాతులు కాసుకున్న మనిషి. బాతుల్ని తోలే పొడవాటి గడతోనే పడవ దొంగల్ని తరిమాడు. మన ఆఖరి పాఠాన్ని గడ వరస అంటున్నది అందుకే. అందులో పేర్లు చూడు, ‘పిల్లని విడదీయడం’, ‘మెడ వంచడం’, ‘గట్టుకి తోలడం’. సన్యాసి ఎవరి మెడ వంచాడట? నువ్వు దానికి ‘నాగరాజు మబ్బుల్లో తిరగడం’ అని పేరు పెట్టావు. నాన్న చదివి ఉంటే ఊదుగొట్టం తీసుకుని నీ వీపు విమానం మోత మోగించేవాడు.

పేరుపలక సంగతి. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, చేతికి ఎర్ర పట్టీలు కట్టుకున్న కుర్రాళ్లు నాన్న తాలింఖానాలోకి జొరబడి పూజ బల్ల విరగ్గొట్టిన రోజున నేను దాన్ని నడుముకి కట్టుకుని, పైన కోటు వేసుకుని బయటకి వచ్చాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి అది మా బియ్యం జాడీకి మూత. అక్షరాలు కిందికి. దాని మీద పురుగు పాకకుండా చూసుకున్నది నేను. దాని మీద ఉన్నది బాతులు కాసిన పూన్ లుక్ పేరు. నీకు కావలసింది సన్యాసి పేరు. అది ఎవరిచేతనైనా కొత్తగా చెక్కించుకో.

అయినా ఇస్తాను. ఒక్క మాట మీద ఇస్తాను. నీ కొత్త పలక మీద నాన్న పేరు కింద నా పేరు కూడా చెక్కించు. గడ వరస మొదటి నుంచి చివరి దాకా నాన్న నాకు నేర్పాడు. నువ్వు వెళ్లేనాటికి నీకు వచ్చింది మొదట్లో నాలుగు అడుగులు. మిగతాది అక్కడ నీ శిష్యులకి ఏం నేర్పుతున్నావో నీ నాగరాజుకే తెలియాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లు పొద్దున్నే ఏటిగట్టు మీదికి వస్తారు. ‘మీ గురువు పేరు ఏ పలక మీద ఉంది?’ అని జిల్లా పోటీల వాళ్లు వాళ్లని అడిగారు. జవాబు చెప్పలేక తలలు దించుకుని వచ్చారు. నాకు కావలసింది ఆ ఒక్క జవాబు.

పుస్తకంలో కప్పు గురించి కూడా రాశావు. దాని మీద ఇప్పుడేమీ అనను. అనకపోవడం నీకు నేను చేస్తున్న మర్యాద.

చెల్లెలు,
సౌ-హింగ్



కౌలూన్,
మే 20

సౌ-హింగ్,

పదిమందికి పంచిన పుస్తకాన్ని పట్టుకుని బాతులంటావా? ఇక్కడ వీధికో తాలింఖానా ఉంది. ఒకడి మూలపురుషుడు సేనాపతి, ఇంకొకడిది రాజుగారి అంగరక్షకుడు. నేను వెళ్లి మాది బాతులండీ అని చెప్పుకోవాలా? బాతు కూర వండే హోటల్ అనుకుని జనం గిన్నెలు పట్టుకుని వస్తారు.

నీ పేరు చెక్కించమంటున్నావు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న గడ బయటికి తీస్తే ఆడపిల్లల్ని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవాడు కాదు. కూతురికి నేర్పితే విద్య మెట్టినింటికి పోతుందని ఆయనే అనేవాడు. మరి నువ్వెప్పుడు శిష్యురాలివయ్యావు? ఎవరు చూశారు? సాక్షి ఎవరు? ఊళ్లో నలుగురు పిల్లల చేత చేతులూ కాళ్లూ ఆడిస్తే గురువైపోతారా?

ఫాన్ వస్తున్నాడు. అంత వచ్చిందానివైతే అతని ముందు చేసి చూపించు. అతనికి కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూడటం అలవాటు. పలక మాత్రం అతని చేతికి ఇవ్వాల్సిందే. అది ఇంటి కొడుకుది.

మాస్టర్ పూన్ చాక్-మన్



ఫోషాన్,
జూన్ 11

మాస్టర్ గారికి,

మీ ఫాన్ వచ్చాడు, తిన్నాడు, వెళ్లాడు. మంచివాడు. మీ దగ్గర ఎలా వేగుతున్నాడో. ఎండిన నారింజ తొక్క వేసి బాతు వండాను, రెండుసార్లు వడ్డించుకున్నాడు. మూలపురుషుణ్ణి తలచుకుని తినమన్నాను. పాపం, అర్థం కాక దండం పెట్టాడు.

ఏటిగట్టు మీద గడ వరస మొత్తం చేసి చూపించాను. మా పిల్లలు కూడా చేశారు. మధ్యలో ‘గట్టుకి తోలడం’ దగ్గర అతని నోరు తెరుచుకుపోయింది. ‘మా మాస్టారు ఇక్కడిదాకా ఎప్పుడూ చూపించలేదండీ’ అన్నాడు. నేనేమీ అడగకుండానే అన్నాడు సుమా.

నా వరస చూస్తూ తన రెండు చేతుల్ని అటూ ఇటూ మార్చి చూసుకున్నాడు. ఏమిటంటే చెప్పలేదు. మీకు చెప్పే ఉంటాడు.

పలక ఇవ్వలేదు. దుప్పటి ఇచ్చి పంపాను, రైల్లో తలకింద పెట్టుకోమని.

సౌ-హింగ్



కౌలూన్,
జూన్ 30

సౌ-హింగ్,

దొరికిపోయావు.

నీ గడ వరస మొత్తం తిరగేసి ఉందని ఫాన్ చెప్పాడు. నమ్మలేక ఇక్కడ చీపురుకర్రతో చేసి చూపించమన్నాను. మన ఇంటి విద్యలో గడకి ముందు ఉండేది కుడిచెయ్యి. నువ్వు ఎడమచెయ్యి ముందు పెడుతున్నావు. కుడికి తిరగాల్సిన చోట ఎడమకి తిరుగుతున్నావు. అద్దంలో చూసినట్టు ఉందన్నాడు. నీ శిష్యులందరూ అంతేనట.

ఇది ఎవరికి జరుగుతుందో నీకు తెలుసు. శిష్యుడు గురువు వెనక నిలబడతాడు, గురువు వీపు చూసి నేర్చుకుంటాడు. కుడికి కుడి, ఎడమకి ఎడమ. గురువు ముఖం చూసేవాడు తమాషా చూడటానికి వచ్చినవాడు, లేకపోతే దొంగ. వంటింటి కిటికీలోంచి హాలు కనిపించేది కదా! గరిట పట్టుకుని కిటికీ దగ్గర నక్కి, నాన్న చేస్తుంటే చూసి దొంగిలించావు. నాన్న నేర్పాడని ఎలా రాయబుద్ధయింది? చచ్చిపోయిన మనిషి మీద అబద్ధం చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?

నీ దగ్గర నేర్చుకున్నవాళ్లకీ మన ఇంటికీ సంబంధం లేదని ఇక్కడి తాలింఖానాల సంఘం పత్రికలో వేయిస్తున్నాను. నీ జిల్లా పోటీల వాళ్లకీ ఒక కాపీ వెళ్తుంది. పరువు మిగుల్చుకోవాలనుంటే పలక పంపించు.

మాస్టర్ పూన్ చాక్-మన్
పూన్ ఇంటి తలుపు మూసిన శిష్యుడు



ఫోషాన్,
జూలై 15

చాక్-మన్ గారూ,

మీ ఉత్తరం చదివి, దుస్తులు ఆరేసే వెదురు తీసుకుని పెరట్లో నిలబడ్డాను. నాన్న ఎలా చూపించాడో తలచుకుని తలచుకుని చేశాను. నిజమే. తిరగేసే ఉంది. ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఏడుపొచ్చింది. మీ మీద కాదు ఏడ్చింది, సంబరపడకండి.

అవును, నేను నాన్న ముఖం చూసి నేర్చుకున్నాను. ఎందుకో చెప్తాను, ఇది కూడా పత్రికలో వేయించండి. హాంకాంగ్‌లో కొడుకున్నాడన్నదే ఆ కుర్రాళ్లు నాన్న మీద మోపిన మొదటి నేరం. తాలింఖానా మెట్ల మీద నుంచి ఈడ్చారు. తుంటి ఎముక విరిగింది. ఊరంతటి ఎముకలూ కట్టిన మనిషికి తన ఎముక అతకలేదు. మళ్లీ లేచి నిలబడింది లేదు. వంటింట్లో గోడకి ఆనించి కూర్చోబెట్టేదాన్ని. నిలబడలేని మనిషి నాకు వీపెలా చూపిస్తాడు? గోడకి చూపించాలా?

పాత శిష్యులు తలో దిక్కూ అయిపోయారు. మన గుమ్మం తొక్కితే వాళ్లకీ ముప్పే. ఒక రోజు ఆయన పొయ్యి దగ్గరి ఊదుగొట్టం చేతికి తీసుకున్నాడు. ‘ఏయ్ పిల్లా, కూర మాడితే మాడనీ. ఇటు చూడు’ అన్నాడు. గడకి బదులు ఊదుగొట్టం, నాకు ఆరేసే వెదురు. ఆయన కంట్లో పొర వచ్చేసింది, నేను ఏ చెయ్యి ముందు పెడుతున్నానో ఆయనకి కనిపించలేదు. శబ్దం విని తప్పు చెప్పేవాడు. అంతకుముందు నన్ను ఎన్నడూ గుమ్మం దాటనివ్వలేదు కాబట్టి సరైనది ఎలా ఉంటుందో నాకూ తెలియదు. దొంగిలించానా? మల మూత్రాలు ఎత్తి, ఒళ్లు తుడిచి, ఆ తర్వాత నేర్చుకున్నాను. మీరు ఆ వేళకి కౌలూన్ వీధుల్లో నాగరాజుని ఆడిస్తున్నారు.

మొత్తం అయ్యాక మోకరించి టీ ఇచ్చాను. తాగాడు. సాక్షి లేడు. సాక్షిని పిలిస్తే మర్నాడు ఇద్దరినీ వీధిలో నిలబెట్టేవాళ్లు.

మర్యాద కోసం దాచిన మాట ఇక దాచను. మీరు టీ ఎప్పుడిచ్చారు? మీరు టీ ఇవ్వాల్సిన రోజున పంది కాలింది, అగరొత్తులు వెలిగాయి, బంధువులంతా బెంచీల మీద కూర్చున్నారు, మీరు లేరు. పారిపోయారు. నాన్న మీ చేతి టీ ఒక్క చుక్క తాగలేదు. మీరు తలుపు మూసిన శిష్యుడు కాదు, అసలు శిష్యుడే కాదు. పగిలిందని మీరు అచ్చు వేయించిన కప్పు మా వంటింటి అల్మారాలో ఉంది. చెక్కుచెదరలేదు.

సౌ-హింగ్



కౌలూన్,
ఆగస్టు 3

సౌ-హింగ్,

నాన్న తుంటి విరిగిన సంగతి నాకు ఎవరూ రాయలేదు. ‘ఒంట్లో బాగాలేదు’ అని రాశావు, తర్వాత ‘పోయాడు’ అని రాశావు. నువ్వే రాశావు, మధ్యలో ఏమీ రాయలేదు. ఉత్తరాలు తెరిచి చదివే రోజులని ఇప్పుడు చెప్తావు. చెప్పు. నాకు ఇప్పుడు తెలిసినా ఒకటే.

కానీ నీ మాటే నిన్ను పట్టించింది. కప్పు పగలలేదంటున్నావు. నువ్వే ఆఖరిదానివైతే నీ టీ తాగి పగలగొట్టాలి కదా! పగలగొట్టలేదు. అంటే నిన్నూ లెక్కలోకి తీసుకోలేదు. ముసలాయన దాహం వేసి తాగాడు, అంతే.

పారిపోయానంటావా? ఎవరు ఎవర్ని వదిలేశారో విను. ముందురోజు గ్వాంగ్‌జౌ నుంచి వచ్చిన పెద్దల ముందు మన మూలపురుషుడు గొప్ప యోధుడని చెప్పాను. నాన్న అందరిలో నా మాట కోసి, ‘బాతులు కాసేవాడు’ అన్నాడు. వాళ్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి వెళ్లాక అడిగాను, ‘అంత మాట అందరిలో అనాలా?’ అని. ‘బాతులంటే సిగ్గుపడేవాడికి గడ ఎందుకురా?’ అన్నాడు.

మర్నాడు కొత్త బట్టలు కట్టుకుని హాల్లోకి వచ్చాను. అందరూ ఉన్నారు. నాన్న లేడు. పూజ బల్ల మీద టీ కూజా ఉంది, కప్పు లేదు. కప్పు పెట్టేది గురువు. పెట్టలేదంటే ఈ మనిషిని తీసుకోనని అర్థం. ఆ సంగతి ఆ బెంచీల మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పెదనాన్న నా వైపు చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. నన్ను పదిమందిలో కాదన్నాడు మీ నాన్న. అక్కడ నిలబడి ఇంకా ఏం చేయమంటావు? పంది మాంసం పంచమంటావా?

నీ కప్పు ఎక్కడిదో నాకు తెలియదు. నాది మాత్రం ఎప్పుడూ లేదు.

చాక్-మన్



ఫోషాన్,
ఆగస్టు 21

అన్నయ్యా,

నీ ఉత్తరం మా ఆయన చేత మళ్లీ చదివించాను, నేను తప్పుగా చదివానేమోనని. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, ‘ఇన్నేళ్లూ వీడికి తెలియదా?’ అన్నాడు. ఆ రోజు నాన్న ఎందుకు లేడో తర్వాతైనా ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారని, తెలిసీ తిరిగి రాలేదని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. తెలిసీ రాలేదని నిన్ను తిట్టుకోని పండుగ లేదు.

ఆ రోజు తెల్లారకముందే నాన్న పడవ ఎక్కి షీవాన్ కుమ్మరి బట్టీకి వెళ్లాడు. నీ కోసం ప్రత్యేకంగా చెప్పి చేయించిన కప్పు తేవడానికి. బట్టీ వేడి చల్లారక తలుపు తీయడం ఆలస్యమైంది. మధ్యాహ్నం వచ్చాడు, ఒళ్లో గడ్డిలో చుట్టిన కప్పు పెట్టుకుని. బెంచీలు ఖాళీ, నువ్వు లేవు. ఎవరితోనూ చెప్పకుండా వెళ్లడం ఆయన తప్పే. సాయంత్రం దాకా ఆగకపోవడం నీ తప్పు. మీ ఇద్దరికీ ఆ ముక్కు మీద కోపం ఒకే మూసలో పోసినట్టు ఉంటుంది.

కప్పు లోపల, టీ తాగేశాక కనిపించే చోట, బాతు బొమ్మ ఉంది. మెడ వంచిన బాతు. నువ్వు సిగ్గుపడతావని తెలిసే వేయించాడు. అందరిలో నీ చేత ఆ కప్పు పట్టించాలని. ముసలాడి మొండితనం అది. అందులో ప్రేమ కూడా ఉంది, నీకిప్పుడైనా కనిపిస్తుందో లేదో.

ఇక నా టీ. పూజ సామాన్లన్నీ పోయాక మాకు మిగిలింది ఆ ఒక్క కప్పే. అందులోనే ఇచ్చాను. దాహానికి కాదు, రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కూర్చున్నచోటి నుంచి ఆయన విసరలేడని, పగలగొట్టడానికి నేనే కప్పు తీసుకుని పైకెత్తాను. నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు నీకు తెలుసు. ‘ఆగవే. అది వాడిది. వాడు పోశాక పగలగొట్టు’ అన్నాడు.

కాబట్టి తలుపు మూసిన శిష్యుడు ఎవరూ లేరు. నువ్వూ కాదు, నేనూ కాదు. ఆ తలుపు తీసే ఉంది, నీ కోసం. ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. నాకు నేర్పి, నా చేత ఒళ్లు తుడిపించుకుని, ఆఖరికి కప్పు నీకని అట్టిపెట్టాడు. ఆ రోజున నా కడుపు మండింది. ఇప్పటికీ మండుతోంది. అది వేరే సంగతి.

పలక పంపను, కప్పు పంపను. కావాలంటే నువ్వే రా. నాన్న సమాధి ముందు మోకరించి టీ పొయ్యి. ఆయన బదులు తీసుకోవడానికి ఆయన శిష్యురాలినైన నేను ఉన్నాను. కానీ వచ్చే ముందు ఒకటి ఆలోచించుకో. శిష్యుల్లో వరస వయసుని బట్టి రాదు, టీ ఇచ్చిన రోజుని బట్టి వస్తుంది. నేను ముందు ఇచ్చాను. పలక మీద నా పేరు ముందుంటుంది, నీది తర్వాత. ఇంట్లో నువ్వు అన్నవే. తాలింఖానాలో నన్ను ఏమని పిలవాలో నీకు చెప్పక్కర్లేదు. నీ శిష్యులందరి ముందూ పిలవాలి. ఫాన్ ముందు కూడా.

నీకది చేతకాదని నాకు తెలుసు. పత్రికలో ఏం వేయించుకుంటావో వేయించుకో.

సౌ-హింగ్



కౌలూన్,
సెప్టెంబర్ 19

అక్కా,

ఈ ఒక్క మాట రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో అడక్కు.

పత్రికలో ఏమీ వేయించలేదు. పుస్తకాలు మిగిలినవి కింద దుకాణం వాడికి ఇచ్చాను, ఎండుచేపలు చుట్టుకుంటున్నాడు. వడ్రంగిని పలక ఆపమన్నాను. నాన్న కింద జాగా వదిలాడు, రెండు పేర్లకి. ముందు ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఆడపేరు లాగా ఉందే అన్నాడు. అవునన్నాను. పూన్ లుక్ పేరు పక్కన ‘బాతుల కాపరి’ అని చెక్కమంటే మాత్రం ఉలి కింద పెట్టి నా వంక చూశాడు.

తొమ్మిదో నెల పండుగకి ఇక్కడ ప్రారంభం లేదు. పండుగ ముందురోజు రైల్లో వస్తున్నాను. ఫాన్ కూడా వస్తాడు, బాతు కోసం. నా శిష్యులు ఇంకొందరు వస్తామంటున్నారు. అందరి ముందూ పిలుస్తాను. కానీ నువ్వు ఆ సమయంలో నవ్వావంటే అప్పుడే తిరుగు రైలెక్కుతాను.

నీ గడ వరస అంతా కుడి ఎడమ చేసి తిప్పాలి. నాకు వచ్చింది మొదటి నాలుగు అడుగులే అని అన్నావు కదా, ఆ నాలుగూ నేను నాన్న వీపు చూసి నేర్చుకున్నవి. ఏ చెయ్యి ముందుండాలో వాటితో నీకు చూపిస్తాను. మిగతాది నువ్వు నాకు చూపించాలి. నాకు వంటింట్లో నేర్పొద్దు, ఏటిగట్టు మీద నేర్పు. నీ వెనక నిలబడతాను.

కప్పు కడిగి ఉంచు. పగలగొట్టాలా వద్దా అన్నది మాత్రం నువ్వొక్కదానివే తేల్చేయకు. దాని మీద అక్కడికి వచ్చి పోట్లాడతాను.

చాక్-మన్